ఓడ ఇరిసినోడు

ఆమదాలవలస స్టేషన్లో నాకొక పేరుండేది. అమ్మానాన్నలు పెట్టింది కాదు, పత్రికవాళ్ళు గుర్తింపు కార్డు మీద రాసిందీ కాదు. చేపల గంపలతో పాసింజరు ఎక్కే ఆడవాళ్ళు పెట్టిన పేరు. నేను ప్లాట్‌ఫారం మీద కనబడగానే ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని, "అదిగోనే, ఓడ ఇరిసినోడు" అనుకునేవారు. ఇరిసినోడు అంటే విరిచినవాడు. నేను పుట్టడానికి వందేళ్ళకు పైగా ముందే లోకంలోంచి వెళ్ళిపోయిన ఓడని నేనెలా విరిచానన్నదే ఇప్పుడు చెప్పబోయేది.

కొత్తగా విలేకరులైన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. "మీరు రాసిన పెద్ద వార్త ఏదైనా చెప్పండి సార్" అంటారు. పెద్ద వార్తలు నాకంటే బాగా రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నా దగ్గరున్నది ఒక పెద్ద తప్పు. దాన్ని మాత్రం నాకంటే బాగా ఎవరూ చెయ్యలేరు. అందుకని అదే చెబుతుంటాను. ఈసారి రాసి పెడుతున్నాను.

అరవైల చివరి రోజులు. మాది గోదావరి వైపు. శ్రీకాకుళంలో విలేకరిగా వేసి అప్పటికి రెండేళ్ళు. అరసవల్లిలో ఒక గది, ఒక సైకిలు, ఒక ఫౌంటెన్ పెన్ను. రాసిన వార్తల కవరు సాయంత్రం ఆమదాలవలస తీసుకెళ్ళి మెయిలుకి అందించడంతో నా రోజు ముగిసేది. ఏజెన్సీ కొండల్లో గొడవలు మొదలై, తుపాకుల మాట వినబడుతున్న కాలం. వాటి గురించి రాయడానికి హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్ళు జీపుల్లో వచ్చేవారు. నాకు మిగిలినవి ధాన్యం ధరలు, మంత్రుల పర్యటనలు, వంశధారలో నీటిమట్టం.

అలాంటప్పుడు ఆదివారం అనుబంధం చూసే అసిస్టెంట్ ఎడిటర్ గారి నుంచి ఒక కార్డు వచ్చింది. "జనానికి ఇప్పుడు ఓడలంటే సరదాగా ఉంది. మీ తీరంలో పాతకాలపు యుద్ధనౌక కథ ఏమైనా ఉంటే రాసి పంపు. పేజీలో రెండు కాలాలు ఇస్తాను."

రెండు కాలాలు! నా పేరుతో! ఊళ్ళో ఉన్న పాత పుస్తకాలన్నీ గాలించాను. చివరికి ఒక ప్లీడరు గారి బీరువాలో పల్చటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అందులో ఒక ఓడ గురించి ఆరు వరుసలు. ఇంగ్లండులో ఓక్ చెక్కతో కట్టిన ఓడ. తెరచాపల మీద నడిచేది. రెండు వరుసల ఫిరంగులు. బంగాళాఖాతంలో వర్తక ఓడలకు కాపలా తిరిగింది. వంశధార సముద్రంలో కలిసే చోట కొంతకాలం లంగరు వేసింది. ఆ తర్వాత చివరి వరుసలో రెండే మాటలు: బ్రోకెన్ అప్.

ముక్కలైపోయిందన్నమాట. ఎక్కడ? పుస్తకం చెప్పలేదు. దానికి పై వరుసలో మన తీరం ఉంది కనక మన తీరంలోనే అనుకున్నాను.

నాకు పని నేర్పిన మొదటి గురువు ఒక సూత్రం చెప్పాడు: రెండు ఆధారాలు లేనిదే వార్త లేదు. అందుకని రెండో ఆధారం కోసం బస్సెక్కి, నదికి ఉత్తరాన ఉన్న ఒక జాలరి పల్లెకి వెళ్ళాను. ఆ ఊరి తండేలు, అంటే పడవ నడిపే పెద్ద, ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. బొటనవేలికి వల తగిలించుకుని, తలెత్తకుండా మాట్లాడేవాడు.

"ఇక్కడ పాతకాలం ఓడ సంగతి ఏమైనా విన్నారా?" అని అడిగాను.

గడ్డంతో సముద్రం వైపు చూపించాడు. "అదిగో, ఆ దీపస్తంభానికీ కొండకీ సూటిగా. ఓడ ఇడిసిన సోటు. అక్కడ వలేస్తే సిరిగిపోతాది. గేలాలే ఎయ్యాల. కోనాం సేప మా గొప్పగా పడతాది."

నేను విన్నది "ఓడ ఇరిసిన సోటు" అని.

ఇక్కడే మీరు కొంచెం ఆగాలి. రెండేళ్ళుగా ఆ యాస వింటున్నాను. వాళ్ళు "చూడు" అనరు, "సూడు" అంటారు. "చెప్పు" అనరు, "సెప్పు" అంటారు. మొదట్లో అర్థంకాక తికమకపడి, తర్వాత పట్టుబడ్డాక నాలో నేను మురిసిపోతున్న రోజులవి. విరిచిన అన్నది ఇరిసిన అవుతుందని చటుక్కున లెక్క కట్టేశాను. అసలు యాస తెలియని వాడైతే "ఏమన్నారు?" అని మళ్ళీ అడిగి ఉండేవాడు. నాకు తెలుసు కనక అడగలేదు.

పుస్తకంలో ముక్కలైంది. తండేలు, ఓడ విరిచిన చోటన్నాడు. రెండు ఆధారాలు. నోట్‌బుక్ మూసేశాను.

"ఇంకా ఉన్నాది బాబూ, కూకో, ఇను" అన్నాడు తండేలు.

"బస్సు టైమైంది" అన్నాను.

వ్యాసం బాగా కుదిరింది. గాలివాన, విరిగిన తెరచాప కొయ్య, నావికుల కేకలు, అన్నీ పెట్టాను. ఆ రోజు గాలివాన వచ్చిందని నాకెవరూ చెప్పలేదు. చివరి వాక్యం మీద ఒక పూట కూర్చున్నాను: "తన ఫిరంగులతో, మందుగుండు పీపాలతో ఆ మహానౌక నేటికీ అక్కడే నిద్రిస్తోంది." మందుగుండు పీపాల సంగతి పుస్తకంలో లేదు, తండేలు చెప్పలేదు. వాక్యానికి తూకం కావలసి వచ్చి వేశాను. అసిస్టెంట్ ఎడిటర్ గారు ఇంకో కార్డు రాశారు: "భేష్." దాన్ని గదిలో అద్దం మూల దోపుకున్నాను.

వ్యాసం అచ్చయిన మూడో వారం. కవరు మెయిలుకి ఇచ్చి స్టేషన్లో టీ తాగుతున్నాను. ఒకామె ఎదురుగా వచ్చి నిలబడింది. నెత్తిన గంప, నడుముకి బిగించిన చీర, చేతిలో నలిగిన పేపరు ముక్క. తండేలు భార్య. ఆ రోజు ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తూ కనబడింది.

"ఈ రాత రాసినోడివి నువ్వేనేటి?"

ఎవరైనా మెచ్చుకోడానికి వస్తే ఎలా నవ్వాలో అలా నవ్వాను.

"నవ్వుతన్నాడు సూడండే!" అంది పక్కవాళ్ళతో. "ఒరే బాబూ, నువ్వు రాసిన రాతకి ఆ సోటుకి మైలు దూరం దాకా తెప్ప ఎల్లకూడదని ఆర్డరేసినారు. ఒడ్డున పోలీసోడిని కూకోబెట్టినారు. ఆడికి ముప్పూటలా మా సేపలే. కోనాం తిరిగే కాలం ఇది. ఇంకెన్నాల్లు తిరుగుతాది? నెలకి మించి ఉండదు. ఏడాది కూడు మాకది. ఏటి సెయ్యమంటావు?"

తర్వాత తెలిసింది. నా వ్యాసం చదివి రేవు అధికారి ఒకాయన ఉలిక్కిపడ్డాడు. కొండల్లో ఉన్న పరిస్థితికి మందుగుండు అన్న మాట వినబడితే చాలు, ఆ రోజుల్లో ఆఫీసులు నిద్రపోయేవి కావు. నూట ఏభై ఏళ్ళు ఉప్పునీళ్ళలో నానిన మందుగుండు కూడా ఆయనకి మందుగుండే. నీటిలో దిగే గజఈతగాళ్ళు వచ్చి చూసేదాకా ఎవరూ అటు వెళ్ళరాదని ఆర్డరు. వాళ్ళెప్పుడొస్తారంటే, వేసవి వెళ్ళాక.

నాకు మొదట వచ్చింది సిగ్గు కాదు, పౌరుషం. "నేనేం కల్పించలేదమ్మా. ఓడ అక్కడే విరిగిందని మీ ఆయనే చెప్పాడు" అన్నాను.

"ఏటీ? మా మావేటి సెప్పినాడు?"

"ఓడ ఇరిసిన చోటు అని."

ఆమె నా మొహంలోకి చూసింది. గంప దించి ప్లాట్‌ఫారం మీద పెట్టింది. నాలుగడుగులు వెనక్కి నడిచి, నడుం మీద చేతులేసుకుంది.

"సూడు. నానిక్కడ గంప ఇడిసినాను. ఇడిసి ఎల్లిపోతన్నాను. గంప ఇరిగినాదేటి?"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

"ఇడిసిన. అను."

"ఇడిసిన" అన్నాను.

"లంగరు ఇడిసినాది. ఓడ సల్లగా ఎల్లిపోనాది. అక్కడ ఓడ నేదు, మందు నేదు. ఇనుప లంగరొక్కటే ఉన్నాది. నువ్వే ఓడ ఇరిసినావు."

విడిచిన. విరిచిన. ఒక్క అక్షరం. రెండు ఆధారాల్లో ఒకటి అక్కడే కూలిపోయింది. రెండోదాన్ని పట్టుకుని వేలాడాను. "ఇంగ్లీషు పుస్తకంలో బ్రోకెన్ అప్ అని ఉంది. అంటే ముక్కలైపోయిందని."

"ఆ మాటేటో నాకు తెల్దు. తెలిసినాయన సీపురుపల్లిలో ఉన్నాడు. నా దగ్గరే సేపలు కొంటాడు. రైలొస్తన్నాది, ఎక్కు."

ఎక్కాను. ఉద్యోగంలో నన్ను చాలామంది చాలాచోట్లకి పంపారు. అంత తిరుగులేకుండా పంపినవాళ్ళు ఇంకెవరూ లేరు.

చీపురుపల్లి స్టేషను దగ్గర ఒక పెంకుటింటి అరుగు మీద ఆ పెద్దాయన పడక కుర్చీలో ఉన్నాడు. ఊరంతా రంగం తాత అనేవారు. రంగం అంటే రంగూన్. ఆ వైపు జిల్లాల నుంచి వెనకటికి వేలమంది అక్కడికి కూలికీ కొలువుకీ ఓడలెక్కి వెళ్ళినవాళ్ళే. ఈయన అక్కడ ఓడల కార్ఖానాలో గుమాస్తాగా పనిచేసి, యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు అడవులకడ్డంగా నడిచి తిరిగొచ్చాడు.

"బ్రోకెన్ అప్" అన్నాను నేను.

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "మంచి చావే."

"మునిగిపోవడం కాదా అండీ?"

"నీకు ఇంగ్లీషొచ్చు, ఓడ రాదు. ములిగితే 'లాస్ట్' అని రాస్తారు నాయనా. ఒడ్డుకి కొట్టుకుపోతే 'రెక్డ్' అంటారు. బ్రోకెన్ అప్ అంటే ముసిల్దైపోనాదని కార్ఖానాకి తెచ్చి, మేకు మేకూ ఊడబీకి, సెక్క సెక్కా ఇప్పదీసి అమ్మడం. అలాంటి కాయితాలు నేనెన్ని రాసుంటాను! ఓడ పేరెదురుగా ఆ మాట పడ్డాదంటే ఏటనుకున్నావు? పెన్షను పుచ్చుకుని ఇంటికి సేరినట్టు."

తండేలు భార్య గంప పక్కన కూర్చుని చేపలు తీస్తూ, నా వైపు తలైనా తిప్పకుండా, "ఇన్నావా?" అంది.

"విన్నాను."

"ఇన్నాక?"

 ఆ రెండో మాటకి జవాబు రంగం తాతే అందించాడు. విజయనగరంలో ఒక పాత లైబ్రరీలో ఓడల చరిత్రలున్న లావుపాటి ఇంగ్లీషు సంపుటాలు ఉన్నాయట. తిరిగొచ్చిన కొత్తలో పనిలేక అక్కడ కూర్చుని చదివేవాడట.

మర్నాడు మొదలుపెట్టి రెండు రోజులు ఆ లైబ్రరీలో కూర్చుని ఆ ఓడ సర్వీసంతా చేత్తో ఎత్తి రాసుకున్నాను. మొదటిసారి నాకా ఓడ మీద శ్రద్ధ పుట్టింది. ఎన్ని ఉద్యోగాలు చేసిందని! కొత్తలో ఉత్తర సముద్రంలో మంచులో కాపలా. ఒక యుద్ధంలో ప్రధాన తెరచాప కొయ్య పోగొట్టుకుని, పడవలతో లాగించుకుని రేవు చేరింది. మన సముద్రంలోకి వచ్చాక జ్వరాలతో సగంమంది నావికులు పోయారు. పుచ్చిన ఓక్ చెక్కల స్థానంలో బర్మా టేకు చెక్కలు వేశారు. రంగం తాతకి చెబితే మురిసిపోయే ముక్క అది. సరుకుల ఓడలని కాస్తూ ఈ తీరమంతా పైకీ కిందకీ తిరిగింది. వంశధార దగ్గర మంచినీళ్ళకి ఆగింది. నీళ్ళు సగమే నింపుకోగలిగింది. తూర్పున రెండు శత్రు ఓడలు కనబడ్డాయి. లంగరు ఎత్తే వ్యవధి లేక మోకు నరికించి, తెరచాపలెత్తి వెళ్ళిపోయింది. వేరే రేవులో కొత్త లంగరు తీసుకున్నట్టు రాసుంది. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు పనిచేసింది. ఆఖరికి తెరచాప కొయ్యలు పీకేశాక రోగుల ఓడగా, ఆ తర్వాత సరుకు దాచే కొట్టుగా ఉండి, ఇంగ్లండులో ఒక కార్ఖానాలో బ్రోకెన్ అప్.

నేను గాలివానలో ముంచేసిన ఓడ అది.

విజయనగరం నుంచే ట్రంకాల్ చేశాను. అసిస్టెంట్ ఎడిటర్ గారు అంతా విని, "ఏమయ్యా, ఎవరైనా కేసు వేశారా?" అన్నారు.

"లేదండీ."

"మరి నీకెందుకు? అంతగా అయితే సవరణ వేద్దాం. అగ్గిపెట్టె కంటే పెద్ద సవరణ మన పేపర్లో వెయ్యం, తెలుసుగా. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. బయటవాళ్ళకెవరికీ తప్పయిందని కాగితం మీద రాసివ్వకు. రాసిచ్చావా, నిన్ను నేను కాపాడలేను."

అది బెదిరింపు కాదు, సలహా. ఆయన నన్ను ఇష్టపడేవాడు. అప్పటికి నాకు పెళ్ళయి ఆర్నెల్లు. ఇంకో ఉద్యోగం లేదు, ఇంకో పనీ రాదు. రైల్లో తిరిగొస్తూ, సవరణ పడేదాకా ఆగుదామా అనుకున్నాను. ఆదివారం అనుబంధంలో తప్పు జరిగింది కనక ఆదివారమే సవరణ. ఆ మీదట ఫైలు కదలాలి. ఈలోగా కోనాం తిరిగి వెళ్ళిపోతుంది. సముద్రంలో చేపకి ఆదివారం అనుబంధం కోసం ఆగే అలవాటు లేదు.

మర్నాడు పొద్దున్నే రేవు అధికారి దగ్గరికి వెళ్ళాను. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, టేబులు మీద వరసగా పెన్సిళ్ళు. చెడ్డవాడు కాదు. జాగ్రత్తపరుడు. నేను ఎత్తిరాసుకున్న కాగితాలు చూపించి అంతా చెప్పాను.

"మొదట మీరు రాసింది నమ్మే నేను ఆర్డరు వేశాను" అన్నాడాయన. "ఇప్పుడు రాసింది ఎందుకు నమ్మాలి? చేతిరాత కంటే అచ్చు మేలు కదా?"

 మా అచ్చుని అంత గౌరవంగా చూసినవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

"మీ వ్యాసం తప్పని మీరే రాసి సంతకం పెడతారా?" అన్నాడు.

పెన్ను తీశాను. "నేను ఫలానా పత్రికలో రాసిన వ్యాసంలో ఓడ ఇక్కడ మునిగిందన్నది తప్పు. మందుగుండు పీపాల సంగతికి ఏ ఆధారమూ లేదు, అది నేను కల్పించినది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాను. కల్పించినది అన్న మాట దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. వాక్యానికి తూకం కోసం కాదు.

ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఫైల్లో ఉంటుంది. కానీ నేను స్వయంగా చూడకుండా ఆర్డరు ఎత్తలేను" అన్నాడు.

"చూద్దాం పదండి" అన్నాను.

"సముద్రంలోకా?"

"ఓడ ఉన్నా లేకపోయినా అక్కడే కదండీ."

ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. నావలో తండేలు, తెడ్లు వేసే ముగ్గురు, రేవు అధికారి, నేను. అధికారి కాగితాలన్నీ జేబులో పెట్టుకుని, గొడుగు కూడా తెచ్చుకున్నాడు. ఒడ్డున తండేలు భార్య నిలబడి, "మావా, ఆ బాబుల్ని మెల్లగా తీసుకెల్లు. పేపరు బాబు కక్కుకుంటే కక్కుకోనీ" అని కేకేసింది. సముద్రం గురించి రెండు కాలాలు రాసినవాణ్ణి, అంతవరకూ మోకాలి లోతు దాటి దిగలేదు. కెరటాలు దాటే లోపలే నాకూ అధికారికీ మధ్య హోదా తేడా పోయింది. ఇద్దరం నావ అంచు పట్టుకున్నాం.

కడుపులో కాస్త నెమ్మదించాక తండేలు వైపు తిరిగాను. "ఆ రోజు బస్సుకని వెళ్ళిపోయాను. ఇంకా ఉంది అన్నారు కదా, అది చెప్పండి."

"ఇప్పుడు అడగతన్నావా?" అన్నాడు, దూరంగా కొండ మీంచి చూపు తిప్పకుండా. "మా తాతల తాతలు సెప్పుకున్న మాట. తెల్లోల్ల ఓడ. మంచినీల్లకొచ్చినాది. మావోలే తెప్పల మీద పీపాలు ఎక్కించినారు. సగం నీల్లే ఎక్కినాయి. ఇంతలో తూరుపు పక్క రెండు తెరసాపలు అగపడ్డాయి. పగోల్లు. లంగరు తియ్యడానికి టయిము నేదు. గొడ్డలెట్టి మోకు నరికేసి ఎల్లిపోనారు. మిగిలిన పీపాలు ఒడ్డునే ఉండిపోనాయి. మా ముసిలోల్లు ఆటిలో ఉప్పుసేప ఎట్టుకున్నారంట."

అధికారి గొడుగు పక్కన పెట్టాడు. జేబులోంచి నా కాగితాలు తీసి, తడవకుండా ఒళ్ళో పరుచుకుని వెతికాడు. "నీరు సగమే నింపుకొని..." అని పైకి చదివాడు. "రెండు శత్రునౌకలు..." ఆగాడు. తండేలుని చూసి, నన్ను చూశాడు.

"ఇది ఇతనికి మీరు చదివి వినిపించారా?"

"లేదండీ. ఇతనే చెబుతానంటే నేను వినకుండా బస్సెక్కాను. ఆ రోజు విని ఉంటే ఇవాళ మనిద్దరం ఇలా కక్కుకునేవాళ్ళం కాదు."

దీపస్తంభం కొండ కొమ్ముతో ఒకే గీతలోకి వచ్చాక తండేలు నావ ఆపించాడు. పోయిన వలలు వెతికే ఇనప కొక్కెం ఒకటి, పొడుగాటి తాడుకి కట్టి నీళ్ళలోకి వదిలాడు. కొంచెం లాగి, తాడు తెచ్చి అధికారి చేతిలో పెట్టాడు.

"లాగు బాబూ."

ఆయన లాగాడు. రాలేదు. రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగాడు. నావే ఒరిగింది కాని తాడు కదల్లేదు.

"అది లంగరు" అన్నాడు తండేలు. కొక్కెం ఒడుపుగా విడిపించి, నావని నాలుగు బారలు జరిపించి మళ్ళీ వేశాడు. "ఇప్పుడు లాగు." మెత్తగా వచ్చేసింది, కొక్కేనికి ఇసుక. తూర్పుకి, పడమటికి, ఉత్తరానికి, దక్షిణానికి, అధికారి చేతనే లాగించాడు. అన్ని పక్కలా ఇసుకే. పట్టుకున్నది ఆ ఒక్క చోటే.

"ఓడ పొడుగెంతని ఉంది?" అని అధికారి నన్నడిగాడు.

"దాదాపు పాతిక బారలండీ."

 అప్పుడాయన అన్న మాట నాకిప్పటికీ గుర్తే. "ఓడ లేదు."

"ఎల్లిపోనాది బాబూ" అన్నాడు తండేలు, ఓదారుస్తున్నట్టు.

ఒడ్డుకి చేరాక అధికారి ఇసుకలో వెల్లకిలా పడుకుండిపోయాడు. మొహం పాలిపోయింది. "సోమవారం ఆఫీసుకి రండి, ఆర్డరు ఎత్తేస్తూ రాసిస్తాను" అన్నాడు. ఆ వేళ గురువారం.  తండేలు భార్య నా చేతిలోని నోట్‌బుక్ వైపు ఒకసారి చూసింది. నేను ఒక కాగితం చింపి, పెన్ను మూత తీసి, పడుకున్నాయన పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"నా తప్పుకి సంతకం పెట్టడానికి నేను సోమవారం దాకా ఆగలేదు కదండీ" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి, లేచి కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. తెప్పలు యథాప్రకారం వెళ్ళవచ్చునని. పోలీసు ఆ కాగితం చదివి, కర్ర చంకలో పెట్టుకుని, ఆ రోజు వండిన కూర మాత్రం తిని వెళ్ళాడు. మర్నాడు తెల్లారేసరికి ఆ చోట గేలాలు పడ్డాయి. నేను చూడలేదు. ఆ సాయంత్రం స్టేషన్లో గంపలు చూశాను. ఎత్తడానికి ఇద్దరు సాయం పట్టారు.

ఆ ఓడ సర్వీసు చరిత్రంతా మళ్ళీ వ్యాసంగా రాసి పంపాను. "గతంలో నేను రాసింది తప్పు" అన్నది దానికి మొదటి వాక్యం. అసిస్టెంట్ ఎడిటర్ గారు వ్యాసం అంతా వేసి, ఆ ఒక్క వాక్యం కొట్టేశారు. రాసినవాడి తప్పుతో పాఠకుడికేం పని అన్నారు. అగ్గిపెట్టె సవరణ వేరే వేశారు. అందులో అచ్చుతప్పు కూడా పడింది. సంతకం పెట్టిన కాగితం సంగతి ఎలాగో హెడ్డాఫీసుకి తెలిసి, నాకు మెమో వచ్చింది. ఉద్యోగం పోతుందని కొన్ని నెలలు ఎదురుచూశాను. పోలేదు. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గరుంది. నా సర్వీసు రికార్డులో నేను పనిచేసినట్టు రుజువు చూపే కాగితం అదొక్కటే అని మా ఆవిడ అంటుంది.

ఆనాడు కొట్టేసిన వాక్యాన్ని ఇన్నేళ్ళకి ఇక్కడ అచ్చులో పెడుతున్నాను: నేను రాసింది తప్పు. ఆ ఓడ మన తీరంలో మునగలేదు. మోకు నరుక్కుని వెళ్ళిపోయి, ఇంకా చాలాకాలం పనిచేసి, ఇంటికి చేరింది.

పేరు మాత్రం పోలేదు. ఓడ ఇరిసినోడుగానే ఆ స్టేషన్లో నాలుగేళ్ళు తిరిగాను. తర్వాత బదిలీ అయింది. వెళ్ళిపోయే రోజు, సామాన్లతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాను. ఎదుటి లైను మీద పాసింజరు కదలబోతోంది. కిటికీలోంచి తండేలు భార్య నన్ను చూసి, పక్కనున్న కొత్త పిల్లకి చూపిస్తూ ఏదో అంది. రైలు కూత, జనం గోల. నాకు పేరు వినబడింది కాని అక్షరం తెలియలేదు. ఎప్పుడూ అనేదేనా? లేక ఈసారి ఓడ ఇడిసినోడు అందా? తాను ముంచిన ఓడని మళ్ళీ వదిలిపెట్టినవాడు అనా?

పాత నేనైతే నాకు నచ్చింది వినేసి వెళ్ళిపోయేవాణ్ణి. సామాన్లు అక్కడే వదిలేసి, పట్టాలు దాటి, కదులుతున్న పెట్టె పక్కన పరుగెత్తాను.

"ఏమన్నావమ్మా? ఇరిసినోడా, ఇడిసినోడా? మళ్ళీ చెప్పు!"

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుతూ, పెట్టెలో ఉన్నవాళ్ళందరినీ పిలిచింది.

"సూడండే, సూడండే! ఈ బాబు మల్లీ అడగతన్నాడు!"